ఉసిళ్ళ సాయంత్రం, పైడమ్మ దీపం

"అమ్మమ్మా, చిన్నతాతకి ఆ రోజు చేప పడిందా, లేదా? ఆయనేమో పడింది అంటాడు. పైడి మామ్మ లేదంటది."

ఇంటిల్లిపాదీ అడగడం అయిపోయింది, ఇక నీ వంతా? ఆ ఫోను అలగ బోర్లా పెడితే నా మాట ఎక్కుతుందేటి? తిప్పి పెట్టు. తెలుగులోనే చెప్తాను. అర్థం కాకపోతే అడుగు, తలూపకు. మీ పిల్లలందరూ తలూపుతారు, తరవాత వంటింట్లోకెళ్ళి అమ్మమ్మ ఏమన్నాదీ అని ఒకరినొకరు ఇంగ్లీషులో అడుక్కుంటారు.

చేప దగ్గరికి వస్తాను. ముందు మీ చిన్నతాత ఎవరో తెలియాలి కదా. తెలుసు అంటావు. పండక్కి అంగ్‌పావ్ కవర్లో డబ్బులిచ్చే తాతగా తెలుసు. మేమిద్దరం సుంగై సుమున్ అవతల ఎస్టేట్ కూలీల లైన్ ఇంట్లో పుట్టినాం. అప్పలసామి, అదే మీ చిన్నతాత, నా వెనకాల పుట్టినవాడు. నన్ను 'అప్పా' అని పిలుస్తాడు. అప్ప అంటే అక్క, మన ముత్తాతలు విశాఖపట్నం పక్కనుంచి ఓడలో ఈ మలాయ్ దేశానికి తెచ్చుకున్న మాట. మా పక్కింటి తమిళోళ్ళకి అప్పా అంటే నాన్న, చాలా కాలం నేను వాడికి తండ్రినేటి అని చూసేవాళ్ళు. వాడిని పెంచింది నేనే కాబట్టి వాళ్ళదీ పెద్ద తప్పేం కాదులే.

ఎస్టేట్లో చేపలంటే కాలవ చేపలు. ఆయిల్ పామ్ చెట్ల మధ్య కాలవలు తవ్వుతారు చూడు, నల్లటి నీళ్ళు, అందులో జెల్లలు, మట్టగిడసలు. వానపామో, బొద్దింకో గుచ్చి పడెయ్యడం, కూర్చోవడం. ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో నీకు కనిపించదు. దారం లాగితే లాగినట్టు. పైకొచ్చినాక అది జెల్ల అని తెలుస్తుంది. గుడ్డు పది సెన్లున్న రోజులవి, పది సెన్లు ఎవడిస్తాడు, అందుకని ఆ జెల్లే మాకు గుడ్డు, అదే మాంసం. మా నాన్న పులుసు పెట్టేవాడు. అవును, నాన్నే. మా అమ్మ రబ్బరు చెట్లకి పాలు గియ్యడానికి తెల్లారకుండా వెళ్ళేది. ఆ పులుసు గురించి ఇంకోసారి చెప్తాను... లేదులే, చెప్పను, నీకిప్పుడు మాగీ ఉంది.

సరే, మీ చిన్నతాత లారీ నడిపినాడు, పెన్షన్ లేని ముసలోడైనాడు, క్లాంగ్‌లో కొడుకింట్లో చేరినాడు. చేరినాక షుగరు వచ్చింది. వచ్చింది అంటే, ఎప్పుడో వచ్చింది, వీడు దాన్ని పట్టించుకోలేదు. కాఫీలో చక్కెర తగ్గించు అంటే కాఫీ మానేసి అంతకన్నా తియ్యటి మైలో తాగినాడు, తెలివైనవాడు కదా. చివరికి షుగరు కంట్లోకి దిగింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను సంగతి డాక్టరమ్మ చెప్పింది: ఉన్నన్నాళ్ళు ఉంటుంది, ఎన్నాళ్ళో చెప్పలేం. దానికి ఆమె ఎన్నేళ్ళు చదివిందో పాపం. ఆ మాట మా అమ్మ తమలపాకు నమిలి చెప్పేది.

ఆ ఆసుపత్రి నుంచి వచ్చినాక వాడికి ఈగల పిచ్చి పట్టింది.

ఈగలంటే నిజం ఈగలు కాదు. గాలంమీద దారం చుట్టి, ఈకలు కట్టి, దూరం నుంచి చూస్తే పురుగేమో అనుకునేలాగ తయారు చేస్తారు. దాన్ని నీటి మీద తేలేటట్టు విసురుతారు. చేప పైకి వచ్చి మింగాలి. ఫ్లై ఫిషింగ్. ఎవరో దొరల కాలక్షేపం, కడుపు నిండినవాళ్ళది. యూట్యూబ్‌లో చూసినాడు. చూసి, పాత పుస్తకాల షాపులో ఒక ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చినాడు. వాడికి చదవడానికి కన్ను లేదు, ఇంగ్లీషూ రాదు. మరి ఎవరు చదవాలి? ఎస్టేట్ బడిలో మూడో తరగతితో ఆగి, క్లర్కు ఇంట్లో అంట్లు తోముతూ వాళ్ళు పారేసిన ఇంగ్లీషు పేపర్లన్నీ చదివి ముసలిదాన్నైన నేను ఉన్నాను కదా. 'అప్పా, సదివి సెప్పు' అన్నాడు.

చదివినాను. అబ్బో, అదంతా ట్రౌట్ అనే చేప గురించి. చల్లదేశాల్లో ఉంటుంది. ఆ నదిలో ఏ నెలలో ఏ పురుగు నీళ్ళలోంచి పుట్టుకొస్తుందో, పొద్దున్నా సాయంత్రమా, రెక్కలు బూడిద రంగా పసుపు రంగా, అచ్చం పంచాంగం. మనకి రాహుకాలం ఉన్నట్టు వాళ్ళకి పురుగుల కాలం. పురుగు లేచే వేళకి నువ్వు నది దగ్గర లేకపోతే నీ జన్మ వృథా అన్నట్టు రాస్తాడు. నీటి చల్లదనం ఎంతుండాలి, గాలి ఎటు వీచాలి, మబ్బు ఉండాలా వద్దా. ఇంత చూసి పట్టుకున్న చేపని ఏం చేస్తారని పేజీలు తిప్పినాను. వదిలేస్తారట. ముద్దు పెట్టుకుని వదిలేస్తారట కూడా, ఫోటో ఉంది.

'ఒరే, పట్టుకుని వదిలెయ్యడానికి నదిదాకా ఎందుకురా, నీ కొడుకు ఉద్యోగాలు చాలవా?' అన్నాను.

నవ్వలేదు. 'అప్పా, ఇన్నేళ్ళు సేపలు పట్టినాను. ఒక్క సేప తినడం సూడనేదు. సచ్చి పైకొచ్చినాక సూసినాను. అది పైకొచ్చి, నాను కట్టిన పురుగుని నోట్లో పెట్టుకోడం ఒక్కసారి సూడాల. ఈ కన్ను ఉండగా.'

నేను తరవాతి పేజీ తిప్పినాను.

మన దగ్గర ట్రౌట్ లేదు. ఉండదు కూడా, ఈ ఎండకి అది పులుసులో ఉన్నట్టే ఉంటుంది. మనకి కెలా అనే చేప ఉంది. కొండ ఏళ్ళలో తిరుగుతుంది, బంగారు పొలుసులు, ఎర్ర రెక్కలు, దాని దర్జా చూస్తే దానికీ దాతుక్ బిరుదు ఇచ్చినారేటి అనిపిస్తుంది. తంజుంగ్ మాలిం పైన, అడవిలోంచి దిగే ఒక ఏరు ఉంది. ఆ ఊరివాళ్ళే కాపలా కాస్తారు. గాలం వెయ్యొచ్చు, చేపని మాత్రం వదిలెయ్యాలి, రూలు. గట్టు మీద గదులు అద్దెకిచ్చే మలాయ్ ఆవిడకి మీ తాత రోజూ ఫోను. 'నీళ్ళు ఎలగున్నాయి?' ఆమె తే తారిక్ అని పాల టీ పేరు చెప్తే బురద నీళ్ళు, పైన వాన పడిందని. తే ఓ అని పాలు లేని టీ పేరు చెప్తే తేరుకుంటున్నాయని. మామూలు నీళ్ళు అంటే రమ్మని. రోజూ టీ కొట్టు భాషలో మాట్లాడుకునేవాళ్ళు. వాడి పెళ్ళానికి, మీ పైడి మామ్మకి, కొన్నాళ్ళు అనుమానం కూడా వచ్చింది, ఎవర్తి ఆ టీ కొట్టావిడ అని.

పంచాంగం మాటేటి? ఆ పుస్తకంలో పురుగులేవీ మన దగ్గర లేవు. మన దగ్గర పురుగు ఒక్కటే, అందరికీ తెలిసిందే. ఉసిళ్ళు. నాలుగు రోజులు ఎండ మాడ్చి, ఒక మధ్యాహ్నం వాన దంచి వెలిసిందనుకో, ఆ సాయంత్రం చెదల పుట్టల్లోంచి రెక్కలతో లేస్తాయి. మలాయ్‌లో కెల్కాతు అంటారు, మీ ఫ్లాట్లో ట్యూబులైటు చుట్టూ తిరిగి రెక్కలు రాల్చి చస్తాయి చూడు, నువ్వు కేకలేస్తావు, అవే. ఏటి మీద అవి లేచినాయంటే చేపలకి పెళ్ళి భోజనం. మీ తాత ఉసిలినే కట్టినాడు. గోధుమ రంగు దారంతో ఒళ్ళు, తెల్ల ప్లాస్టిక్ సంచి కత్తిరించి రెక్కలు. మెరుపు కావాలని పైడమ్మ పెళ్ళి చీర అంచులోంచి జరీ పోగు లాగినాడు. ఒక పోగే అని వాడు, జానెడు అని ఆమె. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు, నన్ను అడగొద్దు.

గాలం చెవిలో దారం ఎక్కించడం వాడికి రాదు ఇక, కనిపించదు. నేనెక్కించేదాన్ని. నా కళ్ళు బాగుంటాయి. కోపం కళ్ళకి మంచిది.

రెండు మూడు సార్లు వెళ్ళినాం. ఒకసారి నీళ్ళు బాగున్నాయి, ఉసిళ్ళు లేవు. ఒకసారి ఉసిళ్ళు లేచినాయి, పైన వాన పడి ఏరు ఒక్కసారిగా ఉబ్బి పరిగెత్తుకొచ్చింది, గట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. ప్రతిసారీ తిరిగొచ్చేటప్పుడు కారు కిటికీలోంచి దూరంగా ఒక బోర్డు చూపించి 'అప్పా, అదేటి రాసుంది?' అని అడిగేవాడు. ముందుసారి వాడే చదివిన బోర్డు. నేను చెప్పేదాన్ని. వాడు 'ఆఁ' అనేవాడు.

నువ్వడిగిన రోజు, మీ నాన్న కారు తీసినాడు. నా అల్లుడు మంచోడే, ఎక్కడ ఆపితే అక్కడ నిద్రపోతాడు. ఈసారి పైడమ్మ నేనూ వస్తానంది. ఇంత పిచ్చిగా పోతున్నారు, ఆ టీ కొట్టావిడ మొహం చూడాలి కదా. వచ్చేటప్పుడు బియ్యం, కారం, మూకుడు, చార్జింగు దీపం, ఒక సత్తు బేసిను, చేట సర్దింది. చేట ఎందుకే అన్నాను. 'ఉండనీ వదినా, ఏటికో దానికి' అంది. అప్పుడు అర్థం కాలేదు. నలభై పుస్తకాలు చదివినా కొన్ని అర్థం కావు.

మధ్యాహ్నం కింద ఊళ్ళో వాన దంచింది, కొండ మీద చుక్క లేదు. నీళ్ళు అద్దంలాగ. నాలుగింటికి వెలిసింది. ఏటి ఒంపులో నల్లటి మడుగు ఉంది, మీ తాతని అక్కడ నిలబెట్టినాం. వాడి పక్కనే ఇంకొకాయన, కేఎల్ పట్నం నుంచి. ఛాతీదాకా రబ్బరు ప్యాంటు, టోపీ నిండా ఈగలు గుచ్చుకుని, నీళ్ళు మోకాల్లోతే. మీ తాత లుంగీ ఎగ్గట్టుకుని నిలబడినాడు. ఆయన పాపం మంచిగానే పలకరించి, దారం ఎలగ విసరాలో చేయి పట్టి చూపించినాడు. నాకు చూపించబోయినాడు. నేను ఒక చూపు చూసినాను, ఆగినాడు.

వెలుతురు తగ్గుతుంటే లేచినాయి. అబ్బ, గట్టు మీద మట్టి పగిలి పొగలాగ. ఏటి మీద తెల్లగా తిరుగుతూ, ఒకటీ రెండూ నీళ్ళలో రాలుతూ. మడుగులో ముందు ఒక సుడి. తర్వాత ఇంకోటి. టోపీ ఆయన గుసగుసగా 'రైజ్, రైజ్' అంటున్నాడు. మీ తాత 'ఎక్కడ, ఎక్కడ' అంటున్నాడు. చూపించినాను. వాడికి నీటి మీద చీకటే కనిపిస్తోంది, సుళ్ళు కనిపించడం లేదు. అయినా విసిరినాడు. ఎటో పడింది.

అంతలో ఉసిళ్ళు తగ్గిపోయినాయి. ఒక్కసారిగా. మందలాగ మా నెత్తి మీదనుంచి వెనక్కి పోతున్నాయి. సుళ్ళు ఆగిపోయినాయి. టోపీ ఆయన ఆకాశం చూస్తున్నాడు, గాలి చూస్తున్నాడు, ఒత్తిడి మారింది అని ఏదో సైన్సు చెప్తున్నాడు. నేను వెనక్కి తిరిగి చూసినాను.

గట్టు మీద పైడమ్మ. చార్జింగు దీపం భగభగా వెలిగించి, దాని కింద సత్తు బేసిను నిండా నీళ్ళు పోసి, పక్కన చేట పట్టుకుని పీట మీద కూర్చుంది. ఏటి మీది ఉసిళ్ళన్నీ అక్కడే. దీపానికి కొట్టుకుని బేసినులో టపటపా పడుతున్నాయి. ఎస్టేట్లో అంతే కదా మరి. ఉసిళ్ళు లేస్తే దీపం పెట్టడం, నీళ్ళు పెట్టడం, పడినవాటిని ఆరబెట్టి మూకుడులో వేయించి, రెక్కలు చేటతో చెరిగి, వేయించిన బియ్యంలో ఉప్పూ కారం కలిపి తినడం. మా అమ్మ చేసింది, వాళ్ళమ్మ చేసింది. ఈ మనిషి ఫ్లాట్‌లో ఇరవై ఏళ్ళు బతికి కూడా ఉసిలి కనిపించగానే చెయ్యి దానంతటది బేసిను మీదికి పోయింది. భర్త కన్ను ఒకవైపు, కారం బియ్యం ఒకవైపు.

'దీపమార్పే!' అని వాడు అరిచినాడు.

'సగం బేసినే పడినాయి, ఇప్పుడెలగ ఆర్పుతాను?'

'సేపలకి తిండి లేకుండా సేసినావే.'

'సేపలకి నువ్వున్నావు కదా పెట్టడానికి, జరీ పోగులు. మనుషులకి నాను పెడతన్నాను.'

'నాకు మళ్ళీ ఇలగ కుదురుతాదేటి? నాకు కన్ను...'

వాడి కన్ను సంగతి ఆమెకి తెలీదనుకున్నావా, రోజూ రెండు పూటలా మందు చుక్కలు వేసేది ఎవరు? కానీ లేచి ఆర్పుతుందా, ఆర్పదు. ఇంత మంది ముందు వాడు అరిచినాక ఆర్పితే ఆమె పైడమ్మ ఎలగవుతుంది. వాడు వచ్చి ఆర్పుతాడా, రాళ్ళ మీద నడిస్తే పడతాడు, కనిపించదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి దీపం లాక్కున్నాను. ఎక్కడో దూరంగా అవతల పారేద్దామని, ఇద్దరి పీడా వదిలిద్దామని బయలుదేరినాను. నా మోకాళ్ళు ఎంత దూరం వెళ్తాయి? ఏటిలోకి పొడుచుకొచ్చిన బండ దాకా వెళ్ళి ఆగినాయి. దీపం ఆ బండ మీద పెట్టి కూర్చుండిపోయినాను. ఉసిళ్ళన్నీ నా వెనకాలే వచ్చినాయి. నోట్లోకి, చెవిలోకి, రవికలోకి. తిట్టుకుంటున్నాను. దీపానికి కొట్టుకుని ఈసారి బేసినులో కాదు, ఏట్లో పడుతున్నాయి. మడుగు అంచులోనే. నీళ్ళు దీపం వెలుగులో అడుగుదాకా కనిపిస్తున్నాయి, పసుపు ఇసుక, గులకరాళ్ళు.

ఒక నీడ కదిలింది.

టోపీ ఆయన ముందు అన్నాడు, దీపం పెట్టి పట్టడం న్యాయం కాదు, ఇది ఫ్లై ఫిషింగ్ కాదు అని. అని, రెండు నిమిషాల్లో వచ్చి దీపం పక్కనే నిలబడినాడు. న్యాయం అలగే ఉంటుందిలే, వెలుగు ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. మీ తాతని పైడమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రాయి రాయికీ కాలితో తట్టి చూపించి తెచ్చింది.

వాడు విసరలేదు. విసరక్కర్లేదు, మూరెడు దూరం. ఆ ప్లాస్టిక్ రెక్కల ఉసిలిని అలగ నీటి మీద వదిలినాడు. నిజం ఉసిళ్ళ మధ్య అదొక్కటి, కొంచెం లావుగా, జరీ మెరుస్తూ. నేనైతే మోసం అని వెంటనే కనిపెట్టేదాన్ని. చేప నాలాగ చదువుకోలేదు.

కిందనుంచి వచ్చింది. పరిగెత్తలేదు. అద్దం వెనకాల నుంచి ఎవరో మొహం పెట్టినట్టు మెల్లగా పైకి వచ్చింది. పెద్ద పెద్ద పొలుసులు, ఒక్కోటి యాభై సెన్ల బిళ్ళంత. పెదాలు చూసినాను. దళసరి పెదాలు, గులాబీ రంగు. నోరు తెరిచింది, ఉసిలిని లోపలికి పెట్టుకుంది, మూసింది.

టోపీ ఆయన 'స్ట్రైక్, స్ట్రైక్' అన్నాడు. నేను 'లాగరా' అన్నాను.

వాడు లాగలేదు. వంగి, కుడి కన్ను దగ్గరగా పెట్టి, చూస్తున్నాడు. చేప వాడిని చూసింది. ఏదో రుచి తేడాగా అనిపించినట్టుంది, మన ఇంట్లో పిల్లలు బెండకాయని ఉమ్మినట్టు ఉమ్మేసింది. తోకతో ఒక దెబ్బ కొట్టి, నా చీర తడిపి, వెళ్ళిపోయింది.

టోపీ ఆయన తల పట్టుకున్నాడు. ఒక్క క్షణం ముందు లాగి ఉంటే, అని మొదలుపెట్టినాడు. ఆపకుండా చెప్పినాడు, చేతిని ఏ కోణంలో ఎత్తాలో. మీ తాత విననేలేదు. అలగే వంగి ఉన్నాడు, నీళ్ళు కదలడం ఆగేదాకా.

'ఏటి సూసినావు?' అని పైడమ్మ అడిగింది, మెల్లగా.

'లోపల నోరు తెల్లగుందే,' అన్నాడు. 'పాలలాగ.'

నేనూ అక్కడే ఉన్నాను. రెండు మంచి కళ్ళున్నాయి నాకు. పెదాలు చూసినాను కానీ నోటి లోపలి రంగు చూడలేదు.

ఆ రాత్రి ఉసిళ్ళు వేయించింది. ఉప్పు ఎక్కువైంది, కోపంలో వేసిన ఉప్పు కదా. టోపీ ఆయన పురుగులు తింటారా అని మొహం పెట్టి, తర్వాత రెండు గుప్పిళ్ళు తిన్నాడు. మీ నాన్న అప్పుడు లేచినాడు, చేప పడిందా అని అడిగినాడు. మీ తాత ఇంత కూడా తడుముకోకుండా 'పడింది, వదిలేసినాను' అన్నాడు. పైడమ్మ 'పడనేదు' అంది. అప్పటినుంచీ ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళిద్దరూ అదే నాటకం. ఆ గొడవే వాళ్ళ టీవీ.

కన్ను దీపావళికి ముందే పోయింది, నీకు తెలుసు. ఇప్పుడు వెలుతురు, చీకటి, అంతే. పైడమ్మ పక్కన కూర్చుని, వీధిలో ఎవరు పోతున్నారో, ఏ చీర కట్టుకున్నారో చెప్తూ ఉంటుంది. సగం అబద్ధాలు. నిన్న ఎదురింటావిడకి ఆకుపచ్చ చీర కట్టింది, ఆవిడ ప్యాంటులో ఉంది. వాడు వింటాడు. అప్పుడప్పుడు ఆమె చెప్తుంటే మధ్యలో 'ఉండవే' అంటాడు. ఎందుకంటే అప్పుడు లోలోపల ఇంకేదో చూసుకుంటున్నాడు. ఆమె ఆపుతుంది. నోరు మూసుకోమంటే పైడమ్మ నోరు మూసుకోవడం ఈ జన్మలో అప్పుడొక్కటే.

కాబట్టి పడిందా పడలేదా అంటే... పడలేదు. గాలానికి పడలేదు. కానీ మీ తాత అడిగితే పడిందనే చెప్పు, పెద్దంగా చెప్పు, మీ మామ్మ వినేలాగ. ఆమె ఇంకోసారి కాదని అరవాలి కదా.

ఆ ఫోను ఆపు ఇక. లే, అన్నం తిను. నీకు నూరేళ్ళూ మంచి చూపు ఉండాలి తల్లీ, చూసిందల్లా నువ్వు చెప్పుకోవడానికి, నీ మాట కాదని కొట్లాడ్డానికి ఒక మనిషి పక్కనే ఉండాలి. ఇంకేటి చెప్పను... కంచం అక్కడుంది, కడుక్కో, నేనే పెడతాను...